తెలుగు రాని గొంతులతో తెలుగు పాట: ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పాటలు రాసి బాణీ కట్టుకుంటాను. ఎక్కువ తెలుగులో, కొన్ని ఒడియాలో. అమ్మవారి పాటలు, జానపదాలు. వాద్యాలన్నీ కంప్యూటర్లోనే పేర్చుకుంటున్నాను, పాడేవాళ్ళే దొరకడం లేదు. మా చెల్లెలు బాగా పాడుతుంది గానీ టెక్కలిలో కాపురం, పండక్కి వస్తే రెండు రోజులుంటుంది. కంప్యూటర్ చేతే పాడించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని, వొకలాయిడ్, సింథసైజర్ వీ, యుటావు అని మూడు పేర్లు విన్నాను. నా ల్యాప్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. పదిహేను వేల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు? పేరున్న గాయకుల గొంతు పెట్టే ఏఐ కూడా ఉందంటున్నారు, అది వాడుకోవచ్చా? పాట యూట్యూబ్‌లో పెట్టి డబ్బు తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. వొకలాయిడ్, సింథసైజర్ వీ రెండింటికీ తెలుగు రాదు, ఒడియా అసలే రాదు. యమహా వాళ్ళ వొకలాయిడ్ 2004 నుంచి అమ్మకంలో ఉంది. 2022లో వచ్చిన ఆరో వెర్షన్ పాడేది జపనీస్, ఇంగ్లీషు, చైనీస్. డ్రీమ్‌టోనిక్స్ వాళ్ళ సింథసైజర్ వీ పాడేది జపనీస్, ఇంగ్లీషు, మాండరిన్, కాంటనీస్, స్పానిష్, కొరియన్. వీటిచేత తెలుగు పాడించాలంటే ఆ భాషల ధ్వనుల్లో మనకు దగ్గరగా ఉన్నవి ఏరి, ఒక్కో నోట్ కింద చేత్తో పెట్టుకోవాలి. కాబట్టి దేనికి పేరుందని కాదు, దేనికి తెలుగు ఎంత నోరు తిరుగుతుందని చూడాలి.

యుటావు సంగతి వేరు. అది 2008 నాటి ఉచిత జపనీస్ సాఫ్ట్‌వేర్. మనిషి పలికిన అక్షరాల రికార్డింగులు దానికిస్తే వాటినే కావలసిన స్వరానికి సాగదీసి, అతికించి పాడుతుంది. ఆ రికార్డింగుల కట్టనే వాయిస్ బ్యాంకు అంటారు. దాని దారిలోనే వచ్చిన ఓపెన్‌యుటావు కూడా ఉచితమే. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, పాత యుటావు బ్యాంకులన్నీ తీసుకుంటుంది, మీ ల్యాప్‌టాప్‌కి బరువు కాదు. మీకు మేం చెప్పేది ఇదే: మీ చెల్లెలి గొంతుతో తెలుగు బ్యాంకు ఒకటి తయారు చేసుకుని ఓపెన్‌యుటావులో పాడించండి. ఆవిడ వచ్చే రెండు రోజులు దానికి చాలు. మైకుకి మూడు నాలుగు వేలు పోను మిగతా డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

ఒక మాట. ఆవిడ వచ్చినప్పుడు పాట సిద్ధంగా ఉంటే మాత్రం నేరుగా పాడించి రికార్డు చేసుకోండి. ఏ బ్యాంకూ అసలు గొంతుకి సాటి రాదు. ఆవిడ వెళ్ళాక పుట్టే పాటలకి, వెనక కోరస్‌కి, బాణీ ఎలా ఉందో విని చూసుకోవడానికి బ్యాంకు పనికొస్తుంది.

కొనే సరుకు ఎందుకు వద్దంటున్నామో ధ్వనుల లెక్కన చెప్తాం, రేపు డబ్బు పెట్టాలనిపించినా ఉపయోగపడుతుంది. ఇంగ్లీషు పద్ధతిలో తెలుగు పాడిస్తే పదం మొదట్లోని క, ట, ప ఒత్తుల్లా వినిపిస్తాయి. "కల" అంటే "ఖల" అంటుంది. ఇంగ్లీషువాళ్ళు పదం మొదట్లో ఆ హల్లుల్ని గాలి వదిలి పలుకుతారు, గొంతు నేర్చుకున్నదీ అదే. వాళ్ళ టి శబ్దం మన త కాదు, ట కూడా కాదు, రెంటికీ మధ్యన పంటి చిగురు మీద పలుకుతుంది. అందుకే "తాత" కాస్తా "టాటా" అయి కూర్చుంటుంది.

జపనీస్ మనలాగే చాలావరకు అజంత భాష. త, ద పళ్ళ దగ్గరే పలుకుతాయి, ర కూడా మనలాగే నాలుక ఒక్కసారి తాకి వదిలేస్తుంది. కానీ ల లేదు. "కల" అని రాస్తే "కర" అని పాడుతుంది. ట వర్గమూ లేదు. ఉచితంగా దొరికే యుటావు బ్యాంకుల్లో ఎక్కువభాగం జపనీస్‌వే కాబట్టి వాటితో తెలుగు ప్రయత్నించిన ప్రతివాళ్ళూ మొదట తట్టుకునేది ఈ ల దగ్గరే.

ఉన్న వాటిలో స్పానిష్ నయం. క, త, ప గాలి లేకుండా పలుకుతాయి, త పళ్ళ దగ్గర పడుతుంది, ల ఉంది, ర ఉంది, అచ్చులు అ ఇ ఉ ఎ ఒ అని శుభ్రంగా ఐదు. రెండచ్చుల మధ్య వచ్చే బ, ద, గ మాత్రం మెత్తబడతాయి, "నాదం"లో ద ఊదినట్టు ఉంటుంది. సింథసైజర్ వీలో ఒక్కో నోట్‌కీ భాష మార్చుకునే వీలుంది గనుక, స్పానిష్ మీద నడిపిస్తూ ట, డ, శ, జ వచ్చిన చోట ఇంగ్లీషు తెచ్చుకోవచ్చు. ణ, ళలకి ముందు ఇంగ్లీషు ఆర్ శబ్దం చిన్నగా తగిలిస్తే నాలుక మడిచినట్టు కొంత భ్రమ కలుగుతుంది. అంతే, ళకి మాత్రం ఎవరి దగ్గరా అసలు మందు లేదు.

కొనే ముందు ట్రయల్‌లో పరీక్షించాలి. వొకలాయిడ్ 6కి 31 రోజుల ట్రయల్ ఉంది, సింథసైజర్ వీకీ ట్రయల్ దొరుకుతుంది. కంపెనీ వాళ్ళు వినిపించే నమూనా పాటలు వినకండి, అవి వాళ్ళ భాషలో వాళ్ళు చెక్కుకున్నవి. ఈ లైను పెట్టి చూడండి: "కొండ వాగు కాడ రాణి తట్ట దించె, కల్లు తాగి కళ్ళు మూసి తాత టక్కున లేచె." పదం మొదటి క, ండ, ణ, ట్ట, ల్ల, ళ్ళ, త, ట, క్క అన్నీ ఇందులో ఉన్నాయి. కల్లుకీ కళ్ళకీ తేడా వినిపించకపోతే ఆ గొంతుతో అమ్మవారి పాట జోలికి వెళ్ళకపోవడమే క్షేమం.

అయినా కొంటాననుకుంటే, చాలాచోట్ల పాట కూర్చుకునే ఎడిటర్‌కి ఒక ధర, గొంతుకి ఇంకో ధర. రెండూ కలిస్తే పది వేలు దాటుతుంది. చెల్లింపు డాలర్లలోనో యెన్‌లోనో ఉంటుంది, మీ ఖాతా ఉన్న బ్యాంకు దానికి తోడు మార్పిడి ఛార్జీ వేస్తుంది. మన కార్డులు మామూలుగా దేశం లోపల వాడకానికే తెరిచి ఇస్తారు, కాబట్టి బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి, పని అయ్యాక మళ్ళీ ఆపేయండి. ఏస్ స్టూడియో అని నెలవారీ చందా మీద నడిచేది ఇంకోటుంది. దాని గొంతు సర్వర్‌లో తయారవుతుంది, నెట్ లేకపోతే పని ఆగుతుంది. వానాకాలంలో కరెంటూ నెట్టూ కలిసి పోయే ఊళ్ళకి అది సలహా ఇవ్వలేం.

ఇక వాయిస్ బ్యాంకు తయారీ. దీని మీదే మీ పాటల మంచి చెడ్డలన్నీ ఆధారపడి ఉంటాయి కాబట్టి కాస్త వివరంగా చెప్తాం.

రికార్డింగు జాబితా గుణింతం లాగే రాసుకోండి. హల్లులు 21: క గ చ జ ట డ ణ త ద న ప బ మ య ర ల ళ వ శ స హ. భక్తి పాటలకి భ, ధ, ఖ, ఘ కలపండి, మొత్తం 25. ప్రతి వరసలో ఏడు ధ్వనులు: ఆ, ఈ, ఊ, ఏ, ఓలతో ఐదు. ఆరోది "వచ్చాడు"లో చ తర్వాత వినిపించే, ఆకీ ఏకీ మధ్య అచ్చు. దానికి లిపిలో గుర్తు లేదని వదిలేస్తే పాటంతా బడిపిల్లలు అప్పజెప్పినట్టు ఉంటుంది. ఏడోది ఒడియా అ, పెదాలు గుండ్రంగా చేసి ఆకీ ఓకీ మధ్య పలికేది. ఒడియా మాటల్లో చివరి అకారం మింగకుండా పలుకుతారు కాబట్టి ఆ ఒక్క అచ్చు చేరిస్తే అదే బ్యాంకు ఒడియా పాటలకీ పనికొస్తుంది. ణ, ళ రెండు భాషలకీ ఉన్నవే. శ, ష, స మూడూ ఒడియాలో "స" లాగే పలుకుతాయి, అదొక సుఖం. ఛ, ఠ, ఝ లాంటి ఒత్తులు మాత్రం ఒడియాలో గట్టిగా వినిపిస్తాయి. ఒడియా పాటలు ఎక్కువ రాస్తారంటే ఆ వరసలూ చేర్చండి.

పొట్టి అచ్చులు వేరుగా రికార్డు చేయనక్కర్లేదు, నోట్ పొడవుతో వస్తాయి. ఉత్త అచ్చులకి ఒక వరస. ఆ పైన హల్లుతో ముగిసేవి: ఆమ్ ఈమ్ ఊమ్ అంటూ మ్, న్, ల్, ర్, క్, ట్, త్, ప్, చ్, స్, వీటితోపాటు ణ్, డ్, ళ్. ఈ చివరి మూడూ దాటవేయకండి. నాలుక మడిచి పలికే హల్లుని చెవి గుర్తుపట్టేది దాని ముందున్న అచ్చు తోకలో. ఉత్త "ళా" అతికిస్తే "లా" లాగే ఉంటుంది. "ఆళ్" తోక కాస్త తగిలించి "ళా" పెడితే అప్పుడు ళ అవుతుంది.

మొత్తం 39 వరసలు. ఒక్కో వరస ఒక్కో ఫైలు. ఒక్కో ధ్వనిని సెకను, సెకనున్నర నిలిపి, మధ్యలో చిన్న విరామం ఇస్తూ పలకాలి. ఊపిరి చాలకపోతే నాలుగో ధ్వని తర్వాత తీసుకోవచ్చు.

ఏ శ్రుతిలో? ఆవిడ ఆరు శ్రుతిలో పాడతారనుకుంటే, అంటే 220 హెర్ట్జ్, ఆ షడ్జమంలో ఒకసారి, పంచమంలో, సుమారు 330 హెర్ట్జ్‌లో, ఇంకోసారి మొత్తం జాబితా పలికించండి. ఐదున్నర అయితే దానికి తగ్గట్టు సాపాలు. ఒక్క స్వరంలోనే రికార్డు చేస్తే అటూ ఇటూ ఐదారు అర్ధస్వరాల దాకా సాగుతుంది. ఆ పైన గొంతు చిన్నపిల్ల గొంతవుతుంది, కింద డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఇయర్‌ఫోన్లో శ్రుతిపెట్టె యాప్ నడుస్తూ ఉండాలి, ఆ మోత మైకులోకి రాకూడదు.

బాగా పాడేవాళ్ళతో వచ్చే చిక్కు ఒకటుంది. అచ్చు నిలపగానే గమకం వేస్తారు, చివర్లో జారుస్తారు. ఇక్కడ అది పనికిరాదు. సాఫ్ట్‌వేర్ ఆ నిలకడ ముక్కనే సాగదీసి పాడుతుంది కాబట్టి లోపలున్న ఊగిసలాట ప్రతి నోట్‌లోనూ అదే పనిగా తిరిగి వినిపిస్తుంది. "హార్మోనియం మెట్టు నొక్కి పట్టుకున్నట్టు పలుకమ్మా" అని ముందే చెప్పండి. గట్టిదనం కూడా మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒకేలా ఉండాలి. అందుకే షడ్జమం ఒక పూట, గంట రెండు గంటలు విశ్రాంతి ఇచ్చి అదే రోజు పంచమం. మర్నాటికి గొంతు మారుతుంది, జలుబు చేస్తే అసలే మారుతుంది. రెండో రోజు తప్పిపోయిన వరసల కోసం ఉంచుకోండి.

ఫోన్ రికార్డర్ వద్దు. అది మోతని తనంతట తాను తగ్గించబోయి స, శ, హల చివర్లు కొరికేస్తుంది. యూఎస్‌బీ కండెన్సర్ మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేయాలి. గోడలకి బొంతలు, పరుపులు ఆనించండి. ఫ్యాన్ మోత ఉంటే మామూలు పాటలో పెద్దగా తెలియదు గానీ బ్యాంకులో ఘోరం: సాగదీసిన అచ్చుతోపాటు ఆ మోతా సాగి బుసబుసమంటుంది, స్వరం ఎంతో లెక్కకట్టడంలోనూ సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తుంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైళ్ళు. మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఎకో, కంప్రెషన్ లాంటివేవీ ఇప్పుడు వేయకండి.

ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు లిపి పేర్లు కొన్ని పాత పనిముట్లలో చెడిపోతాయి. అందులోనూ ఒక గోతి ఉంది. తకి చిన్న టి, టకి పెద్ద టి అని పెట్టుకుంటే విండోస్ రెండూ ఒకే పేరనుకుంటుంది, ఒక ఫైలు మీద ఇంకోటి రాసేస్తుంది. టకి రెండు టీలు, ళకి రెండు ఎల్లులు, ణకి రెండు ఎన్నులు అని ముందే ఖాయం చేసుకోండి.

తర్వాత ఓటో అనే పట్టిక. ఏ ఫైల్లో ఏ ధ్వని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పేది ఇదే. ఓపెన్‌యుటావు లోపలే దిద్దుకోవచ్చు, వీలేబులర్ అనే ఉచిత పనిముట్టు ఇంకా సులువు. ఒక్కో ధ్వనికీ ఐదు గుర్తులు. "తా" తీసుకోండి. రికార్డింగులో త పేలిక, అంటే నాలుక విడివడే చప్పుడు, 300 మిల్లీసెకన్ల దగ్గర ఉంది, అచ్చు 320 దగ్గర మొదలైంది అనుకుందాం. ఆఫ్‌సెట్, అంటే మొదలు, 260 దగ్గర పెట్టండి. ప్రీఅటరెన్స్ 60: మొదలు నుంచి అచ్చు దాకా ఉన్న దూరం. ఓవర్‌ల్యాప్ 20: ముందు నోట్ ఇందులోకి కరిగే మేర. ఇది పేలికకి ముందున్న నిశ్శబ్దంలోనే అయిపోవాలి, పేలిక మీదకి వస్తే త మొద్దుబారుతుంది. కాన్సోనెంట్ 140: అక్కడిదాకా సాగదీయొద్దని చెప్పడం. కటాఫ్: అచ్చు నీరసించకముందు. "సా"కైతే బుస పొడవు గనుక ప్రీఅటరెన్స్ 120, 130 దాకా పోతుంది.

వీటిలో ప్రాణం ప్రీఅటరెన్స్. పాటలో తాళం పడేది హల్లు మీద కాదు, అచ్చు మొదలయ్యే క్షణం మీద. ఈ గుర్తు సున్నా వదిలేస్తే హల్లు వెళ్ళి దెబ్బ మీద కూర్చుంటుంది, అచ్చు వెనకబడుతుంది. అప్పుడు పాటంతా తాళానికి వెనక ఈడుస్తున్నట్టు ఉంటుంది. చాలామంది అది చూసి నోట్‌లన్నీ ముందుకి జరుపుకుంటూ పోతారు, అప్పుడు త సరిపోయి స చెడుతుంది. నోట్‌లు కదపకండి, ఓటో దిద్దండి. 39 వరసలూ ఒకేసారి పెట్టుకుంటే విసుగొచ్చి వదిలేస్తారు. ముందు ఒక పల్లవికి కావలసిన ధ్వనులే దిద్ది పాడించి చూడండి, తప్పులు అక్కడే తెలిసిపోతాయి.

ఫోల్డర్‌ని జిప్ చేసి ఓపెన్‌యుటావు కిటికీ మీదకి లాగితే బ్యాంకు ఎక్కుతుంది. ఫోనిమైజర్ డిఫాల్ట్‌లో ఉంచండి, మీరు నోట్‌లో టైపు చేసిన పేరునే అది నేరుగా బ్యాంకులో వెతుకుతుంది. రెండరర్, అంటే శబ్దం తయారు చేసే భాగం, వరల్డ్‌లైన్-ఆర్ పెట్టుకోండి, ఊపిరి శబ్దం, బిగువు లాంటివి గీతలతో మార్చుకోవచ్చు. ఓటో దిద్దినా పాత శబ్దమే వినిపిస్తుంటే కాష్, అంటే అది దాచుకున్న పాత శబ్దాలు, ఖాళీ చేయండి.

మాటలు రాతలో ఉన్నట్టు కాదు, పాడేటట్టు టైపు చేయాలి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది, నోటి మాట విలువ మీకు వేరే చెప్పక్కర్లేదు. కాగితం మీద "వెళ్ళిపోయాడు" ఉన్నా జానపదంలో "ఎలిపోనాడు" అని పాడతారంటే అదే పెట్టండి. ద్విత్వాన్ని రెండు ముక్కలుగా చేయాలి. "అమ్మ"కి "ఆమ్" ఒక నోట్, "మా" ఒక నోట్, మధ్యలో ఖాళీ ఉండకూడదు. "తట్ట"కి "తా", దాని వెనక "ఆట్" తోక పొట్టిగా, ఆపైన 50, 60 మిల్లీసెకన్ల నిశ్శబ్దం, తర్వాత "టా". ట్టలో వినిపించేది ఆ ఆగడమే. అది లేకపోతే "తట" అవుతుంది. నడక వేగంగా ఉన్న పాటల్లో హల్లులు నోట్ మొత్తాన్ని తినేస్తాయి. అక్కడ వెలాసిటీ, అంటే హల్లు వేగం, 100 నుంచి 130, 150కి పెంచండి. 200 పెడితే హల్లు పొడవు సగమవుతుంది, అంతదాకా వెళ్తే తొందరపాటు తెలిసిపోతుంది.

గమకాలకి వైబ్రాటో మీట వాడకండి. అది స్వరానికి అటూ ఇటూ సమంగా, సన్నగా ఊపుతుంది. మన కంపితం ఎక్కువగా పై స్వరం వైపు ఎగిరి వస్తుంది, వెడల్పు ఒక అర్ధస్వరం, ఒక్కోసారి పూర్తి స్వరం. పిచ్ గీతలో బిందువులు చేత్తో పెట్టండి: అర్ధస్వరమంటే 100 సెంట్లు, సెకనుకి నాలుగైదు ఊపులు, పై కొసన కాస్త నిలిచి కిందకి తొందరగా దిగేటట్టు. అన్ని ఊపులూ ఒకే ఎత్తున ఉంటే సైరన్ మోగినట్టు ఉంటుంది, మొదటిది కొంచెం ఎక్కువ, తర్వాతవి తగ్గుతూ. జారుకి రెండు నోట్‌లు వేరుగా కొట్టకుండా, ఒకే అచ్చు మీద + గుర్తుతో నోట్‌ని పొడిగించి, తర్వాతి స్వరానికి 80 నుంచి 120 మిల్లీసెకన్ల ముందే వంపు మొదలుపెట్టండి. రేపు ఏఐ గొంతులు కొన్నా ఈ పని తప్పదు. పైగా వాటిలో సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసే ఒంపులు మన పాటల ఒంపులు కావు. ముందు వాటిని తగ్గించుకోవాలి.

ఓపెన్‌యుటావు డిఫ్‌సింగర్ అనే ఏఐ గొంతుల్నీ నడుపుతుంది. అతుకులు తెలియకుండా పాడతాయి. కానీ తెలుగు గొంతు తయారు చేయాలంటే ఉత్త అక్షరాలు చాలవు. పాటల రికార్డింగులు, వాటికి ధ్వని ధ్వనికీ లేబుళ్ళు, శిక్షణకి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి. మీ యంత్రం మీద అది జరగదు.

తయారైన గొంతుని వేవ్‌గా తీసి మీ వాద్యాల ట్రాకుల పక్కన పెట్టుకోండి, టెంపో రెండు చోట్లా ఒకటేనా చూసుకోవాలి. మీ చెల్లెలి చేత మూడు నాలుగు రకాల ఊపిరి పీల్పులు కూడా రికార్డు చేయించి చరణాల ముందు అతికించండి. వినేవాళ్ళకి మనిషి పాడుతున్నట్టు అనిపించడంలో ఆ పీల్పులకి చాలా వాటా ఉంది. కాస్త రివర్బ్, అంటే గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని, అతుకుల్ని కప్పుతుంది. పాట జాతరలో హారన్ స్పీకర్ల మీద మోగేదైతే రివర్బ్ తగ్గించి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం పెంచండి, మాటలు అక్కడే తెలుస్తాయి. హారన్‌కి బేస్ ఎలాగూ పలకదు.

పేరున్న గాయకుల గొంతు సంగతి: వద్దు. అనుమతి లేకుండా ఏఐతో తన గొంతుని వాడుతున్నారని అరిజిత్ సింగ్ వేసిన కేసులో బొంబాయి హైకోర్టు 2024 జులైలో ఆయనకి అనుకూలంగా ఆదేశాలిచ్చింది. అదే ఏడాది, బాలసుబ్రహ్మణ్యం గారి గొంతుని ఏఐతో ఒక తెలుగు సినిమాలో వాడినందుకు ఆయన కుమారుడు లీగల్ నోటీసు పంపారు. చిన్న ఛానెల్ అని ఎవరూ పట్టించుకోరనుకోవడం పొరపాటు. మాటలు రాసిస్తే పాటంతా చేసిపెట్టే సునో లాంటివి వేరే జాతి. తెలుగు పలుకుతాయి గానీ బాణీ మీది కాదు, ఒక్క స్వరం తప్పినా వెళ్ళి దిద్దడానికి నోట్‌లు ఉండవు. సునో ఉచిత ప్లాన్‌లో చేసిన పాటతో సంపాదించుకోవడానికి షరతులు ఒప్పుకోవు కూడా.

ఉచితంగా దొరికే యుటావు బ్యాంకుల్లో కొన్నింటితో పాట అమ్ముకోవచ్చు, కొన్నింటికి తయారీదారు అనుమతి కావాలి. జిప్‌లోనే షరతుల ఫైలు ఉంటుంది, జపనీస్‌లో ఉన్నా అనువాదం చేయించుకుని చదవండి. మీ చెల్లెలి బ్యాంకైతే ఆ గొడవ లేదు, కానీ ఇంట్లోవాళ్ళే కదా అని నోటిమాటతో వదలొద్దు. ఏ పాటలకి వాడతారు, డబ్బొస్తే ఆవిడ వాటా ఎంత, బ్యాంకు ఇంకెవరికైనా ఇవ్వొచ్చా, వద్దంటే ఎప్పుడు ఆపాలి అని ఒక కాగితం రాసి ఇద్దరూ సంతకం చేయండి. అసలు మనిషి పాడినట్టే అనిపించే కృత్రిమ గొంతు ఉంటే యూట్యూబ్ 2024 నుంచి ఆ సంగతి చెప్పమంటోంది, అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ గడిలో అవునని పెట్టండి. దిద్దని అసలు రికార్డింగుల కాపీ వేరే డిస్కులో దాచుకోండి. ఓటో పాడైతే మళ్ళీ కట్టుకోవచ్చు, ఆ ఫైళ్ళు పోతే మళ్ళీ పండగ దాకా ఆగాలి.